వద్దనడం చేతకాని వాళ్ళం

ఒబ్దూలియా వదిన గురించి చెప్పమంటే నాకు ముందు కోపం వస్తుంది. తక్కినవన్నీ ఆ తర్వాతే వస్తాయి. నా పెద్దమ్మాయికి జ్ఞానస్నానం చేయించిన రోజున జ్ఞానతల్లిగా పిల్లని చేతుల్లో పట్టుకున్నది ఆవిడే. మాలో అదీ చుట్టరికమే, అలా నాకు వదినైంది. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద పనిచేశాం. అయినా ఆవిడ నోట్లోంచి సొంత మాట ఒకటి బయటికి రప్పించాలంటే దేవుడు దిగిరావాలి.

మాది పిల్లల పళ్ళ ఆసుపత్రి. లోయ పొడుగునా చెర్రీ తోటలు, ఆపిల్ తోటలు, వాటిలో పనిచేసేదంతా మెక్సికోలో మిచొవాకాన్ నుంచి ఈ అమెరికాకి వలసొచ్చిన మా వాళ్ళే. అందుకని మా ముందు గదిలో ఎప్పుడు చూసినా బురద బూట్లు, నెత్తిన రుమాళ్ళు, బుగ్గ పట్టుకుని ఏడ్చే పిల్లలు. నా పేరు చేలా. బల్ల దగ్గర కూర్చుని పేర్లు పిలుస్తాను, ఫోన్లు ఎత్తుతాను, కుర్చీలెక్కి గెంతే వెధవల్ని గదమాయిస్తాను. వదిన పని లోపల. డాక్టరమ్మ ఇంగ్లీషులో అన్నది తల్లులకు స్పానిష్‌లో చెప్పాలి, తల్లులు అన్నది డాక్టరమ్మకి ఇంగ్లీషులో చెప్పాలి. ఇదీ ఒక పనేనా, నోరుంటే చాలదూ అనుకునేదాన్ని కొత్తలో.

ఆవిడ పద్ధతి ఆవిడది. తల్లి పక్కన కూర్చోదు. కుర్చీ కాస్త వెనక్కి లాక్కుని తల్లి భుజం వెనకాల కూర్చుంటుంది. డాక్టరమ్మ "నేను చూశాను" అంటే వదిన కూడా "నేను చూశాను" అంటుందే తప్ప "ఆవిడ చూసిందట" అనదు. కొత్తగా వచ్చినవాళ్ళు బిత్తరపోయి వెనక్కి తిరుగుతారు. "నన్ను కాదమ్మా, ఆవిణ్ణి చూడు. నేనిక్కడ లేననుకో" అంటుంది. కలపదు, తీయదు, తీపి పూయదు. డాక్టరమ్మ విసుక్కుంటే ఆ విసుగు కూడా తెచ్చి తల్లి ఒళ్ళో పెడుతుంది. తను ఏదైనా అనాలనుకుంటే మాత్రం అరచెయ్యి పైకెత్తి, "ఇది నా మాట" అని రెండు భాషల్లోనూ చెప్పి, అప్పుడు అంటుంది. ఆ చెయ్యి ఊరికే లేవదు.

ఇక మా వాళ్ళ సంగతి. మాకు డాక్టరు ఎదురుగా వద్దనడం చేతకాదు. చిన్నప్పటినుంచీ అలాగే పెరిగాం. ఫాదర్ గారికి, పంతులమ్మకి, డాక్టరుకి ఎదురు చెప్పడమంటే పొగరు. అందుకని తల ఊపుతాం. "సరే డాక్టరమ్మా, మీరెలా అంటే అలా" అంటాం. పెన్ను ఇచ్చినచోట సంతకం పెడతాం. వెళ్ళేటప్పుడు సంచీ నిండా చెర్రీలిచ్చి, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలని దీవించి, చెప్పిన రోజున మాత్రం రాం. రాకపోయాక ఇక సిగ్గు. మాట తప్పి ఏ ముఖం పెట్టుకుని వెళ్తాం? ఆ వీధిలోంచి నడవడం కూడా మానేస్తాం. అవతల ఆసుపత్రుల వాళ్ళేమో "వీళ్ళకి పిల్లలంటే పట్టదు" అని చెవులు కొరుక్కుంటారు. ఆ మాట నా చెవిన పడినప్పుడల్లా ఒళ్ళు మండిపోతుంది. పట్టకపోవడమేమిటి? మా అంతగా ఎవరికి పడుతుంది?

వదినా అలా సరేనన్న మనిషే.

అప్పటికావిడ పడుచు. ఆపిళ్ళు ఏరి పెట్టెల్లో సర్దే షెడ్డులో పని. కొడుకు అమాదోకి పన్ను పుచ్చింది. లోయకి అటు చివర ఊళ్ళో చూపిస్తే, మత్తిచ్చి నిద్రపుచ్చి తీయాలన్నారు. అక్కడ మా భాష వచ్చినవాళ్ళు లేరు. ఒక నర్సు ముక్కలు ముక్కలుగా ఏదో చెప్పింది. వదిన ఏమీ అడగలేదు. సరేనని, దండం పెట్టి, ఇంటికొచ్చేసింది. నిద్రపుచ్చిన పిల్లవాడు లేవకపోతే, అన్న భయం ఒక్కటే బుర్రలో ఉందట. చెప్పిన రోజు దాటిపోయింది. బుగ్గ వాచినప్పుడు కూడా ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. లవంగం పెట్టింది, ఉప్పునీళ్ళు పుక్కిలింపజేసింది, చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. చివరికి పొరుగువాళ్ళు సిటీలో పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి చీము పాకకూడని చోటికి పాకింది. ఇంక వాడు ఇంటికి రాలేదు.

ఇది ఊళ్ళో అందరికీ తెలుసు. ఎవరం ఎత్తం. ఆవిడ అసలే ఎత్తదు. నవంబరులో చనిపోయినవాళ్ళ పండుగకి ఇంట్లో బల్ల మీద వాడి ఫొటో పెడుతుంది, బంతిపూలు పోస్తుంది. అందరం పోయిన పిల్లలకి చక్కెరతో చేసిన పుర్రె బొమ్మలు పెడతాం, ఆవిడ పెట్టదు. మెత్తగా ఉడికించిన పాలన్నం, దాల్చినచెక్క వేసి, ఒక చిన్న గిన్నెలో పెడుతుంది. నమలక్కర్లేనిది. ఒక ఏడు అది చూసి నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

ఆ తర్వాతే ఆవిడ చర్చి వాళ్ళు పెట్టిన క్లాసులో ఇంగ్లీషు నేర్చుకుంది, పరీక్షలు రాసింది, మా దగ్గరికి వచ్చి ఈ కుర్చీలో కూర్చుంది. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పట్టు. తల్లి ఒక్క ప్రశ్నయినా వెయ్యకుండా సరేనంటే ఆవిడ చెయ్యి లేస్తుంది. "ఇది నా మాట. ఈ అమ్మ ఏమీ అడగలేదు. ఇంకోసారి చెప్పండి డాక్టరు గారూ" అంటుంది. తల్లి వైపు తిరిగి, "ఇంటికెళ్ళాక మీ అత్తగారు ఏమన్నారే డాక్టరు అని అడుగుతుంది కదా, ఏం చెప్తావో ఇప్పుడు నాకు చెప్పు" అంటుంది. తల్లి చెప్పలేకపోతే మళ్ళీ మొదటికి. మా డాక్టర్ వీవరమ్మ మంచిది, ఓపిక నేర్చుకుంది. నాకే ఓపిక లేదు. బయట జనం పేరుకుపోతుంటే లోపల ఈ అత్తగారి పాఠాలేమిటని తిట్టుకునేదాన్ని.

నొయెమి వచ్చింది చెర్రీ కోతలు అయిపోయే రోజుల్లో. వాళ్ళు మా ఊరొచ్చి ఎంతో కాలం కాలేదు. కొత్త కాపురం ఏం కాదు, అయినా మనిషి బెదురు బెదురుగా ఉంటుంది. మొగుడు ఎలీసెయో తోటలకి నీళ్ళు పెట్టే పని చేస్తాడు. కూతురు యారెలి, ఇంకా బడిలో వెయ్యలేదు. ఆ పిల్ల కుర్చీలో కూర్చోనని కాళ్ళు తన్నుకుంటుంటే కాస్త ఒళ్ళో పెట్టుకొమ్మని నన్ను లోపలికి పిలిచారు. అందుకే ఆ రోజు జరిగిందంతా నా కళ్ళారా చూశాను.

డాక్టరమ్మ పిల్ల నోరంతా చూసి స్టూలు మీద వెనక్కి జరిగింది. ఆవిడన్నది వదిన అంది. "పాపకి చాలా పళ్ళు పుచ్చిపోయాయి. ఈ వెనక పన్ను కింద చీము పట్టింది. మెలకువగా ఉండగా ఇన్ని చెయ్యడం పాపకి నరకం. సిటీ ఆసుపత్రిలో మత్తిచ్చి, నిద్రపుచ్చి, అన్నీ ఒకేసారి చేయిస్తే మంచిదని నా అభిప్రాయం."

"సరే డాక్టరమ్మా."

"ఏమైనా అడగాలా?"

"అబ్బే, ఏం లేదు డాక్టరమ్మా. మీరెలా అంటే అలా. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

నవ్వుతూనే అంది. చూపు మాత్రం తన చెప్పుల మీదుంది, సంచీ తాడు వేలికి చుట్టి చుట్టి వేలు తెల్లబడిపోయింది. ఈ పిల్ల మళ్ళీ రాదని నాకు అప్పుడే తెలిసిపోయింది. ఇలాంటి సరేలు ఎన్ని చూశాను!

వదిన చెయ్యి లేచింది. "ఇది నా మాట. ఈ అమ్మని ఒకటి అడగొచ్చా డాక్టరు గారూ?" డాక్టరమ్మ తల ఊపింది.

"నొయెమీ, ఒకసారి వద్దు అను."

"అదేంటి పెద్దమ్మా? సరేనన్నాగా!"

"మాటవరసకేలే. నోరు తిరుగుతుందో లేదో చూద్దాం."

"అయ్యో, డాక్టరమ్మకి కోపమొస్తుంది."

"వస్తే నా మీద రానీ. అను."

నొయెమి నా వైపు చూసింది, నేనేమైనా అడ్డుపడతానేమోనని. నేను పిల్ల జుట్టు సర్దుతూ కూర్చున్నాను. ఆఖరికి "వద్దు డాక్టరమ్మా" అంది. అనగానే భోరున ఏడ్చేసింది. మాటవరసకి అన్నది కాదని గదిలో అందరికీ అర్థమైంది.

డాక్టరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుంది. "కోపం లేదు. ఎందుకు వద్దో చెప్తారా?"

అప్పుడు బయటికొచ్చింది. అక్కడ మెక్సికోలో, వాళ్ళ ఊళ్ళో, నొయెమి అక్క కొడుకు చెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మత్తిచ్చి ఎముక సరిచేస్తామన్నారు. వాడు లేవలేదు. "చెయ్యే కదా డాక్టరమ్మా! చెయ్యి విరిగితే ఎవరైనా పోతారా? వాడి బట్టలు నేనే ఉతికి మడత పెట్టాను. నా పిల్లని నా చేతులారా నిద్రపుచ్చమని ఎలా ఇస్తాను?"

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది, వదిన అంతే నెమ్మదిగా అంది. "అలా జరగనే జరగదని నేను మాటివ్వలేను. చాలా చాలా అరుదు. పాపని కనిపెట్టుకుని ఉండటానికే ఒక మత్తు డాక్టరు ఉంటారు. అయినా ఎన్నడూ జరగదంటే అబద్ధమవుతుంది. చేయించకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఈ చీము తనంతట పోదు. మందులకి తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. పాకితే ప్రాణం మీదికి రావచ్చు."

మాటివ్వలేను అన్న దగ్గర నాకు వదినని గిల్లాలనిపించింది. దేవుడి దయవల్ల ఏం కాదులే అని ఒక్క ముక్క కలిపితే ఏం పోయింది! మాలో ఎవరైనా కలుపుతాం. ఆవిడ కలపలేదు. ప్రాణం మీదికి రావచ్చన్న మాట కూడా అదే గొంతుతో అంది. నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. రెప్ప కూడా వెయ్యలేదు.

నొయెమి కుర్చీలో వెనక్కి తిరిగిపోయి వదిన చేతులు పట్టుకుంది. "పెద్దమ్మా, మీరూ తల్లే అయుంటారు. మీ బిడ్డకైతే ఏం చేసేవారు?"

నా మనసులో ఒకటే గోల. చెప్పు వదినా, అమాదో సంగతి చెప్పు, ఈ పిల్ల ఇప్పుడే సంతకం పెడుతుంది. నాకు నోరు ఆగలేదు, "నొయెమీ, ఈవిడకి..." అన్నాను. వదిన నా వైపు ఒక్క చూపు చూసింది. అంతే, మళ్ళీ పిల్ల జుట్టు సర్దే పనిలో పడ్డాను.

ముందు ఆవిడ, పద్ధతి ప్రకారం, నొయెమి ఏమడిగిందో డాక్టరమ్మకి ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత చెయ్యెత్తింది. "ఇది నా మాట. నా బిడ్డ సంగతి ఇందులోకి రాకూడదు తల్లీ. ఇది నీ బిడ్డ సంగతి. డాక్టరమ్మని ఇంకా అడుగు. పొద్దుగూకేదాకా అడుగు. నేనెక్కడికీ పోను."

నొయెమి అడగలేదు. కళ్ళు తుడుచుకుని వద్దంది. డాక్టరమ్మ మందు రాసిచ్చింది. జ్వరమొస్తే, వాపు కంటి వైపుకో గొంతు వైపుకో దిగితే, పిల్ల మింగలేకపోతే, వేళాపాళా చూడకుండా తీసుకురమ్మంది. "వద్దన్నారని ఈ తలుపు మూసుకోదు" అంది. వదిన ఆ గుర్తులన్నీ నొయెమి చేత తిరిగి చెప్పించుకుని గానీ వదల్లేదు. యారెలి నా ఒళ్ళోంచి దిగి, నాకు చెయ్యూపి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వెనక మెట్ల మీద తిండి తింటుంటే వదిన మీద విరుచుకుపడ్డాను.

"నీ గుండె రాయేనా? ఒక్క మాట! ఒక్క మాటతో ఆ పిల్ల దారికొచ్చేది."

"వచ్చేది."

"మరి?"

"మొన్నటిదాకా అక్క కొడుకుని తలుచుకుని భయపడింది. నేను చెబితే ఇకనుంచి నా కొడుకుని తలుచుకుని భయపడుతుంది. అందులో యారెలి ఎక్కడుంది చేలా?"

"ఆ తెలివితేటలు నాకక్కర్లేదు. రేపా పిల్లకి ఏమైనా అయితే ఏం చేస్తావ్?"

"ఒకణ్ణి మోస్తున్నాను. దీన్నీ మోస్తాను" అంది. తింటున్న రొట్టె మళ్ళీ కాగితంలో చుట్టి సంచీలో పెట్టేసుకుంది. నాకు ఇంకా మండింది. అది మొదలు ఆవిడతో పలకడం మానేశాను.

పలక్కపోయినా కళ్ళు మూసుకోలేం కదా. తలుపు గంట మోగినప్పుడల్లా వదిన లోపలి గది గుమ్మంలోకి వచ్చి చూసేది. నొయెమి కాదని తెలిశాక మళ్ళీ లోపలికి పోయేది. నేను బల్ల దగ్గర తల వంచుకుని రాస్తున్నట్టు నటించేదాన్ని. నాకూ అదే పని, గంట మోగితే చాలు ముందు చూసేది నేనే.

ఒక పొద్దున తాళం తియ్యడానికి వచ్చేసరికి నొయెమి మెట్టు మీద కూర్చుని ఉంది. పిల్ల భుజాన పడుకునుంది, ఎలీసెయో కోటు కప్పి. కోటు తొలగించి చూశాను. ఎడమ బుగ్గ ఉబ్బిపోయి కన్ను సగం మూసుకుపోయింది.

"ఎప్పటినుంచే ఇలా?"

"తెల్లవారేసరికి ఇలా ఉంది చేలక్కా. వేడిగా కూడా ఉంది. వాళ్ళ నాన్న తోటలో ఉన్నాడు, కబురు పెట్టాను. నేను నేరుగా ఇక్కడికే వచ్చేశాను." లేచి నిలబడింది. "ఆ రోజు వద్దన్నానుగా. ఇవాళ అడగడానికొచ్చాను."

ఆ ముఖంలో భయముంది, నిద్ర లేదు, కానీ సిగ్గు లేదు. తల దించుకోలేదు. సరేనని రాకుండా పోయిన తల్లి ఒక్కతె కూడా ఇన్నేళ్ళలో ఈ మెట్టు మీదికి తిరిగి రాలేదని నాకప్పుడు గుర్తొచ్చింది. వద్దని వెళ్ళిన మనిషి గనక ఇది రాగలిగింది. గబగబా తాళం తీసి ఇద్దర్నీ లోపలికి తీసుకుపోయాను.

డాక్టరమ్మ చూసీ చూడగానే సిటీకి ఫోన్ చేసింది. "ముందు గది నేను చూసుకుంటాను, నువ్వు కారు తియ్యి" అంది నాతో. వదిన వెనక సీట్లో నొయెమి పక్కన కూర్చుంది. యారెలికి నొప్పితో రాత్రి నుంచీ ఏమీ దిగలేదట. పిల్ల తినలేదని తల్లీ తినలేదు.

ఆసుపత్రిలో మత్తు డాక్టరు వచ్చాడు. పొడుగాటి మనిషి, నెత్తిన చేపల బొమ్మల టోపీ. వదిన కుర్చీ వెనక్కి లాక్కుని నొయెమి భుజం వెనక కూర్చుంది. ఆయన చెప్పాల్సిందంతా చెప్పి, ఏమైనా అడగాలా అన్నాడు.

"అడగాలి" అంది నొయెమి. "నా పిల్ల తల దగ్గర ఎవరు కూర్చుంటారు?"

"నేనే."

"మధ్యలో కాఫీకని లేచి పోరు కదా?"

నేను నాలుక కరుచుకున్నాను. వదిన ఆ ముక్క ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టింది. ఆయన నవ్వలేదు. "పాప కళ్ళు తెరిచేదాకా లేవను" అన్నాడు.

"ఊపిరి తేడా వస్తే మీకెలా తెలుస్తుంది? నిద్రపోయేదాకా నేను చెయ్యి పట్టుకోవచ్చా? మా అక్క కొడుకు ఎందుకు లేవలేదు?"

అన్నిటికీ జవాబిచ్చాడు. చివరిదానికి మాత్రం, "నాకు తెలియదమ్మా. నేనక్కడ లేను. తెలిసినట్టు చెప్పలేను" అన్నాడు. వదిన అదీ అలాగే అంది. ఆ తెలియదన్న మాట దగ్గర నొయెమి భుజాలు కాస్త దిగడం నేను చూశాను. పిల్ల నుదురు ముద్దు పెట్టుకుంది.

"సరే. చెయ్యండి. నేను చెప్తున్నాను, చెయ్యండి."

దేవుడు చల్లగా చూడాలని అనలేదు. మీరెలా అంటే అలా అనలేదు. పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టింది.

ఆ తర్వాత బయట కూర్చున్నాం. నొయెమి జపమాల తిప్పుతూనే ఉంది. ఎలీసెయో బురద బూట్లతో వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వదినకి ఇప్పుడు చెప్పడానికి ఎవరి మాటా లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆ మూసిన తలుపు చూస్తూ కూర్చుంది. ఆవిడ ముఖం చూసి, నా కోపం ఏమైందో నాకే తెలియలేదు. వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి మంచులా ఉంది. ఇదే ఆసుపత్రి అని అప్పుడు తట్టింది నా మొద్దు బుర్రకి. అమాదోని తీసుకొచ్చింది ఇక్కడికే.

తలుపు తెరుచుకుంది. పాప లేచింది, అమ్మ కావాలంటోంది అన్నారు. వదిన ఆ మాట స్పానిష్‌లోకి మార్చేలోపే నొయెమి పరుగెత్తింది.

చాలాసేపటికి బయటికొచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయినా నవ్వుతోంది. "పుల్ల ఐస్ అడుగుతోంది చేలక్కా, మామిడిది కావాలట! వాళ్ళ నాన్నని పట్టుకుని వదలట్లేదు." నవ్వు ఆపి వదిన ముందు నిలబడింది. ఇక్కడ డాక్టరు లేడు, కుర్చీ లేదు, వెనక కూర్చోవడానికి భుజమూ లేదు.

"ఇప్పుడైనా చెప్పండి పెద్దమ్మా. మీరైతే ఏం చేసేవారు?"

వదిన చెయ్యి లేచింది. మా పళ్ళ ఆసుపత్రిలో ఎత్తినట్టే, అరచెయ్యి పైకి.

"ఇది నా మాట" అంది. "నేను సరేనన్నాను తల్లీ. మీరెలా అంటే అలా అని చెప్పి, ఇంటికెళ్ళిపోయాను. వాడి పేరు అమాదో."